గుఱ్ఱమునకు నడక నేర్పు విద్య



గోదావరిఖని వంటి బొగ్గుగనుల పట్టణమున గుఱ్ఱమును గూర్చి వ్యాసము వ్రాయుట కొంత విడ్డూరముగా దోపవచ్చును. ఇచ్చట నేలక్రింద బొగ్గు, నేలపైన లారీలు, రైలుపెట్టెలు. గుఱ్ఱపు మాట గృహిణి చెవిని బడుట నీటిమోటారు కొనునప్పుడే. 'అర హార్సుపవరుది చాలునా, ఒకటి కావలయునా?' యని దుకాణదారు అడుగును. జేమ్సు వాటు తన యావిరియంత్రముల శక్తిని కొనువారికి బోధపఱచుటకై గుఱ్ఱపుబలముతో పోల్చి యేర్పఱచిన కొలత యది. ఇప్పటి లెక్కకు 746 వాట్లు. ఇంగ్లండు గనులలో నిజముగా గుఱ్ఱములే పనిచేసినవి. 1913 ప్రాంతమున అచ్చట దాదాపు 70,000 పొట్టిగుఱ్ఱములు పాతాళపు చీకటిలో బొగ్గుతొట్లను లాగుచుండెడివట. మన రామగుండపు గనులలో ఆ పని ఉక్కుత్రాళ్ళును యంత్రములును చేసినవి గనుక మనకా పాపము లేదు.

అయినను ముహూర్తముల దినములు వచ్చినచో గుఱ్ఱము మన వీధికి వచ్చును. ఎదురుకోలునకు వరుడు గుఱ్ఱమెక్కి వచ్చును; కొందఱి యిండ్లలో పెండ్లియైన రాత్రి బరాతు తీయుదురు. మెడలో పూసలపేరులు, నుదుట జిలుగు కుచ్చులు, వీపుపై మకమలు జీను. ముందు బ్యాండు, వెనుక జనరేటరు బండి. డప్పు జోరందుకొనగానే గుఱ్ఱము నిలిచినచోటనే కాళ్ళెత్తి వేయ నారంభించును. 'ఎంత చక్కగా ఆడుచున్నదే!' యని క్వార్టర్ల గుమ్మములలో నిలిచి మనము మెచ్చుకొందుము. పిల్లలు చప్పట్లు కొట్టుదురు.

ఆ యాట యేమిటి? గుఱ్ఱమునకు తాళము తెలియునా? దాని కెవరు, ఎట్లు నేర్పిరి? కిరాయి మాటాడువారు మగవారే కావచ్చును గాని, గుఱ్ఱము కావలెనా వలదా యని యింట తేల్చునది తఱచుగా వరుని తల్లియో, మేనత్తయో. కావున ఈ ప్రశ్నలు మనవే.

మొదట మన పుస్తకములలో నున్నది చూతము. బాల్యమున అమరకోశము వల్లెవేసినవారికి గుఱ్ఱపు గతు లైదును జ్ఞప్తియందుండును: ఆస్కందితము, ధౌరితకము, రేచితము, వల్గితము, ప్లుతము. వీనికే ధారలని పేరు. ప్రబంధములలో రాజు గుఱ్ఱమెక్కినప్పుడెల్ల ఈ పంచధారలు చదివి, ఇది కవుల యలంకారమని మనము దాటిపోవుదుము. అలంకారము గాదు, అవి నేర్పిన నడకలు. ఏ పేరు ఏ నడకకు చెల్లునో వ్యాఖ్యాతలలో ఏకవాక్యత లేదు గాని, నడక యొక విద్య యనియు, దానికి వరుసలున్నవనియు నా పేళ్ళే చెప్పుచున్నవి.

కౌటిల్యుని యర్థశాస్త్రమునందలి అశ్వాధ్యక్ష ప్రకరణము మఱింత వివరమైనది. సవారీ గుఱ్ఱపు నడకలను వల్గనము, నీచైర్గతము, లంఘనము, ధోరణము, నారోష్ట్రము అని యైదుగా విభజించి, మరల వానిలో భేదములు చెప్పినాడు. ధోరణములో నెమలి నడక, ముంగిస నడక, పంది నడక యను పేళ్ళున్నవి. చదువుచుండగా నవ్వు వచ్చును. కాని కడపటిదైన నారోష్ట్రమును చూడుడు. సంజ్ఞనుబట్టి నడచుటయే నారోష్ట్రమని యాతడు నిర్వచించినాడు. కొట్టినందుకు కాదు, సంజ్ఞకు బదులుగా నడచుట. ఈ మాటను పట్టుకొనియుండుడు, ముందు పనికివచ్చును. అశ్వశాలలో కోతులు, నెమళ్ళు, ముంగిసలు, చకోరములు, చిలుకలు, గోరువంకలు నుండవలెననియు ఆ ప్రకరణముననే యున్నది. అది అశ్వశాలయో జంతుప్రదర్శనశాలయో యనిపించును గాని, పలురకముల ప్రాణులకు, చప్పుళ్ళకు అలవాటుపడిన గుఱ్ఱము ఊరకే బెదరదు గదా!

భారతమున నలునకు తెలిసిన విద్యకు 'అశ్వహృదయ'మని పేరు. ఋతుపర్ణునకు సారథియై, ఆ విద్యను ఆతనికిచ్చి అక్షహృదయమును మారుగా గ్రహించిన కథ మన మెఱిగినదే. విరటుని కొలువున నకులుడు గుఱ్ఱపుసాల నొప్పుకొనెను. ఆ విద్యకు కొరడా పేరు పెట్టక హృదయమని పేరిడిన పెద్దల తలంపును మెచ్చవలెను. కళ్యాణి చాళుక్యుడైన మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దమున రచించిన మానసోల్లాసములో గుఱ్ఱపుస్వారిని రాజవినోదములలో నొకటిగా వర్ణించెను. ఆ కాలమున మన కరీంనగరు సీమ ఆ చాళుక్యుల సామంతుల యేలుబడిలో నుండినది. తెలుగులో మనుమంచిభట్టు హయలక్షణవిలాసము వ్రాసెను. కాని లక్షణములు తెలిసినంతనే శిక్షణము రాదు. దినదినము ఎట్లు నేర్పవలెనను విద్య గురుముఖమున నడచునది; మన సాహిణులతో కూడ అదియు చాలవఱకు పోయినదనియే నా యూహ.

యూరపులో నా విద్య నేటికిని గురుపరంపరగా నడచుచున్నది. దానికి 'డ్రెస్సాజు' అని పేరు. ఫ్రెంచిభాషలో తరిఫీదు అని యర్థము. దాని మూలపురుషునిగా చెప్పబడు గ్రీకుదేశస్థుడు జెనొఫోను క్రీస్తునకు పూర్వము 4వ శతాబ్దమువాడు. బలవంతమున చేయించినది గుఱ్ఱమునకు అర్థము కాదనియు, దానియందు అందముండదనియు నాతడు తన యశ్వశాస్త్రములో వాదించెను. 18వ శతాబ్దమున ఫ్రాన్సులో ల గెరినియే రచించిన గ్రంథము (1733) నేటికిని ప్రమాణము. వియన్నా నగరమునందలి స్పానిషు అశ్వపాఠశాల 16వ శతాబ్దమునుండి యున్నది. ఇప్పుడు తెల్లని లిపిజ్జాను గుఱ్ఱములు విద్య చూపు మందిరము 1735లో పూర్తియైనది. ఆ పాఠశాలలో స్త్రీలను శిష్యులుగా చేర్చుకొనుట మాత్రము 2008లో గాని జరుగలేదు.

ఇక ఆ నడక సంగతి. నాలుగుకాళ్ళ సమముగా నిలుచున్న గుఱ్ఱపు బరువులో నూటికి సుమారు 60 పాళ్ళు ముందుకాళ్ళపై నుండును. మెడయు తలయు ముందుకు చాచియుండుటయే కారణము. అట్టి దాని వీపుపై మనిషి కూర్చుండినచో ముందుకాళ్ళ భారము మఱింత పెరుగును. అప్పుడా గుఱ్ఱము ముందునకు తూలుచు, అడుగులు బరువుగా వేయుచు, త్రిప్పినపుడు తడబడును. దీనికి విరుగుడేమి? వెనుక కాళ్ళు పొట్టక్రిందికి మఱింత లోపలికి వచ్చి, వాని కీళ్ళు వంగి, బరువులో ఎక్కువపాలు తమపై వేసికొనవలెను. అప్పుడు వెనుకభాగము కొంచెము దిగును, ముందుభాగము తేలికయై లేచును. గుఱ్ఱమునకు మనకువలె జత్రువు లేదు. దాని ముందుకాళ్ళు మొండెమునకు కండరములచేతనే కట్టబడియున్నవి. ఆ కండరములు బలిసినకొలది ఱొమ్ము పైకి లేచును. దీనినే నేను 'ఒడలు కూడదీసికొనుట' యని చెప్పుచున్నాను. నిండుబిందె నెత్తినబెట్టుకొని మెట్లెక్కు స్త్రీని చూడుడు. ఆమె అంగలు చాపదు. నడుము నిలిపి, మోకాళ్ళను మెత్తగా వంచి, ప్రతియడుగును తన క్రిందనే వేయును. బిందె తొణకదు. గుఱ్ఱమునకు నేర్పునదియు నదియే.

గుఱ్ఱపు దుల్కీ నడకలో ఎదురుబదురు కాళ్ళు జతగా లేచును. కుడి ముందుకాలు, ఎడమ వెనుకకాలు ఒకమాఱు, తక్కిన రెండును మఱియొకమాఱు. ఒడలు కూడదీసికొన్న గుఱ్ఱము ఈ దుల్కీని ముందుకు సాగక, దాదాపు నిలిచినచోటనే వేయగలదు. దానిని పియాఫె యందురు. ఒక్కొక అడుగునకు గాలిలో లిప్తపాటు నిలిచినట్లు మెల్లమెల్లగా ముందుకు సాగుట పసాజు. వెనుకకాళ్ళు ఇంచుమించుగా ఒకచోటనే యుండగా ముందుభాగము చుట్టును తిరుగుట పిరువెట్. ఇవి మనుష్యుడు కల్పించినవి కావు. పచ్చికబయలున ఒక మగగుఱ్ఱము మఱియొకదానిని చూచి ఉప్పొంగినపుడు ఈ యడుగులే వేయును. మనుష్యుడు చేసినదల్లా, అది సంతోషమున క్షణకాలము చేసినదానిని, వీపుపై బరువున్నను, కోరినపుడు చేయునట్లు దాని యొడలికి బలమిచ్చుట. మన పెండ్లిగుఱ్ఱపు 'ఆట' యీ పియాఫెకు వికృతరూపము.

వియన్నాలో గుఱ్ఱమునకు నాలుగవ యేట పాఠము మొదలు. అంతవఱకు అది మేతబయళ్ళలో పెరుగును. వెన్నెముక పూర్తిగా ముదురుటకు అయిదాఱేండ్లు పట్టును గనుక తొందరపడరు. మొదట రౌతు లేకయే పొడవైన పగ్గముతో చుట్టును నడిపించి, గొంతుకు లోబడుట నేర్పుదురు. పిమ్మట మనిషిని మోయుచు తిన్నగా నడచుట. ఇచ్చట కోరునది లయ యొక్కటే. సంగీతము నేర్చిన యాడపిల్లకు ఇది విప్పి చెప్పనక్కఱలేదు. సరళివరుసలు, జంటవరుసలు, అలంకారములు సాగి సాగి గాత్రము కుదిరిన తరువాతగాని గురువు గీతము నెత్తడు. సరళి రానిదానిచేత వర్ణము పాడించుచో గొంతు పోవును. గుఱ్ఱము విషయమున పోవునవి కాళ్ళు.

లయ కుదిరిన పిమ్మట ఒడలి బిగువు సడలవలెను. అటుపిమ్మట కళ్ళెముతో చేతికి మెత్తని సంబంధ మేర్పడవలెను. వాగెలను లాగుట గాదు, వదలుటయు గాదు. నడక నేర్చు బిడ్డ మన చిటికెనవ్రేలు పట్టుకొన్నట్లుండవలెను. తరువాత వలయములు, మొదట 20 మీటర్ల వెడల్పున, క్రమముగా చిన్నవి. వలయమున తిరుగునపుడు లోపలివైపు వెనుకకాలు ఎక్కువగా వంగి ఎక్కువ బరువు మోయక తప్పదు. ఇట్లు ఒకనాడు కుడికి, ఒకనాడు ఎడమకు తిప్పుచు రెండువైపుల బలమును సరిచేయుదురు. మనలో కుడిచేతివాటము, ఎడమచేతివాటము ఉన్నట్లే గుఱ్ఱమునకును ఒక ప్రక్క అలవాటు కలదు.

ల గెరినియే మిక్కిలిగా మెచ్చిన పాఠము మఱియొకటి: గుఱ్ఱమును గోడప్రక్క నడిపించుచు, దాని భుజములను మాత్రము కొద్దిగా లోపలికి తెచ్చి, ప్రక్కవాటుగా సాగనిచ్చుట. చూపునకు చిన్నసంగతి. అయినను లోపలి వెనుకకాలిని పొట్టక్రిందికి రప్పించుటకు దీనిని మించిన సాధనము లేదని యీ విద్య నెఱిగినవారందురు. దీనితోపాటు 'అరనిలుపు' అని యొకటి కలదు. రౌతు నడుము నిటారుచేసి, వ్రేళ్ళు మూసి, ఆగుమన్నట్లు తోపజేయును. గుఱ్ఱము ఆగబోవు క్షణముననే కాలితో పొమ్మనును. ముందుకు పోవు వేగము పైకి లేచు వేగముగా మారును. పాలు పొంగుచుండగా మంట తగ్గించి, మరల కొంచెము పెంచు చేతి కీ నేర్పు అర్థమగును. ఒక్కొక పాఠమున నిట్టివి ఎన్నియో.

పియాఫె ఇంత జరిగిన పిమ్మటనే. మొదట రౌతు లేకయే, శిక్షకుడు ప్రక్కన నడచుచు, సన్నని బెత్తముతో వెనుకకాలిని తాకి తాకకుండ తాకి, రెండడుగులు వేయించును. రెండు చాలును. వెంటనే ఆపి, మెడ నిమిరి, చక్కెర పలుకు నోటబెట్టును. వియన్నా రౌతుల కోటు వెనుకభాగమున దాచిన జేబు చక్కెరకొఱకే యున్నది! మఱునాడు మూడడుగులు. ఇట్లు సంపూర్ణముగ విద్య వచ్చుటకు సుమారు ఆఱేండ్లు పట్టును. ఆఱేండ్ల తరువాత చూచువారికి రౌతు చేయుచున్నదేమియు కనబడదు.

రౌతు చేయునది నిజముగా ఎంత స్వల్పమో తెలియవలెనన్న డెన్మార్కు దేశపు లిస్ హార్టెలు కథ వినవలెను. ఈమె 1921లో జన్మించినది. పెండ్లికి పూర్వమునుండియు స్వారియం దాసక్తి గలది. 1944లో గర్భవతియై యుండగా పోలియో సోకి, ఒడలు చాలవఱకు చచ్చుపడినది. బిడ్డ ఆరోగ్యముగనే పుట్టినది. తల్లి మాత్రము చేతులెత్తుట, ప్రాకుట మొదలుకొని మరల నేర్చుకొనవలసివచ్చెను. నెలల తరబడి అభ్యాసముచేసి తొడలకును చేతులకును కొంత బలము రప్పించుకొనెను గాని, మోకాళ్ళక్రింది భాగము తిరిగి రాలేదు. ఊతకఱ్ఱలతో నడచెడిది. గుఱ్ఱమెక్కుటకు ఇద్దఱు పట్టుకొనవలసినది. రౌతునకు కాలి పిక్కలే ముఖ్యసాధనము గదా! ఆమెకవి లేవు. అందుచే 'జూబిలీ' యను తన ఆడగుఱ్ఱముతో కూడి, తాను జీనుపై కూర్చుండు తీరుచేతను, బరువును ఇటునటు మార్చుటచేతను సంజ్ఞ లిచ్చుట అభ్యసించినది. ఆ గుఱ్ఱము వానినే గ్రహించి నడచినది. కౌటిల్యుని నారోష్ట్రము జ్ఞప్తికి వచ్చినదా?

అంతవఱకు ఒలింపిక్ క్రీడలలో డ్రెస్సాజు పోటీ సైన్యాధికారులకే పరిమితము. ఆ పట్టుదల యెంతటిదన, 1948లో లండనులో గెలిచిన స్వీడను జట్టులో నొకడు అధికారి కాక సామాన్య సార్జెంటని తరువాత తెలిసి, వారి బంగారుపతకమును తిరిగి తీసికొనిరి. 1952లో హెల్సింకీయందు తొలిసారిగా స్త్రీలను ఇతరులను రానిచ్చిరి. ఆ యేటనే లిస్ హార్టెలు మగవారితో సమముగా పోటీచేసి వెండిపతకము గెలిచినది. బంగారము గెలిచిన స్వీడను రౌతు సాంసీరు స్వయముగా ఆమెకు చేయూతనిచ్చి పతకవేదిక నెక్కించెను. 1956లో మరల వెండి. కాళ్ళు చచ్చుపడిన స్త్రీ, తనకన్న ఎన్నో రెట్లు బరువైన జంతువుచేత ఈ నడకలన్నియు నడిపించినదన్నచో, బలవంతమునకు ఇందులో చోటెక్కడ?

మన దేశమునను ఈ విద్య చిగురించుచున్నది. 2023 సెప్టెంబరులో చైనాలోని హాంగ్జౌ ఏషియా క్రీడలలో భారత డ్రెస్సాజు జట్టు బంగారుపతకము గెలిచెను. స్వారి పోటీలలో 1982 తరువాత, అనగా 41 ఏండ్లకు, మనకు వచ్చిన బంగార మది. నలుగురి జట్టులో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగు ఇద్దఱును యువతులు; హృదయ్ ఛేడా, అనూష్ అగర్వాలా తక్కిన యిరువురు. దివ్యకృతికి అర్జున పురస్కారము లభించినది. మన హైదరాబాదున జాతీయ పోలీసు అకాడమీలో ఐ.పి.ఎస్. శిక్షణకు వచ్చు యువతులు నేటికిని గుఱ్ఱపుస్వారి నేర్చుచున్నారు. రుద్రమదేవి యేలిన గడ్డపై అది వింత కారాదు.

యూరపంతయు పుణ్యభూమి యని మాత్రము నేననుట లేదు. పోటీలు, ధనము ప్రవేశించినచోట ఆఱేండ్ల పనిని మూడేండ్లలో చేయవలెనను ఆత్రము కూడ ప్రవేశించినది. మెడను బలవంతముగా ఱొమ్మునకు వంచి తిప్పు పద్ధతిని అంతర్జాతీయ స్వారిసమాఖ్య 2010లో గర్హింపవలసివచ్చెను. ఒలింపిక్ పతకము లెన్నియో గెలిచిన ఇంగ్లండు రౌతు షార్లెటు డుజార్డిను, ఒక పాఠములో గుఱ్ఱపు కాళ్ళను కొరడాతో పలుమార్లు కొట్టిన చిత్రము బయటపడగా, 2024లో పారిసు క్రీడలనుండి తొలగినది. సమాఖ్య ఆమెను ఒక సంవత్సరము పోటీలనుండి నిషేధించినది.

ఇప్పుడు మన వీధిలోని పెండ్లిగుఱ్ఱమువద్దకు వత్తము. ఆఱేండ్ల శిక్షణము దానికెవరిచ్చిరి? గుఱ్ఱపువాడు పేదవాడు, ముహూర్తముల మూడునాలుగు మాసముల కిరాయితో ఏడాది దాణా, తన కుటుంబము గడవవలెను. కావున కొందఱు దగ్గరదారి త్రొక్కుదురు. గుఱ్ఱపు నోట ముందుపళ్ళకును దవడపళ్ళకును నడుమ పళ్ళులేని చిగురుభాగము కలదు. కళ్ళెపు కడ్డీ ఆనునది అచ్చటనే. అచ్చట ఎముకపై పలుచని చర్మము తప్ప వేఱొక రక్షణ లేదు. ఆ కడ్డీ నున్ననిదై, మెత్తని చేతిలో నున్నచో బాధలేదు. కడ్డీకి ముండ్లు అమర్చినచో, వాగె కదిలినప్పుడెల్ల అవి చిగురును, నాలుకను, పెదవుల మూలలను పొడుచును. ముందుకు పోయిన నొప్పి. ఆగిన వెనుక బెత్తపుదెబ్బ. ఎటును పోలేక గుఱ్ఱము ఉన్నచోటనే కాళ్ళెత్తి వేయును. మనము దానిని నాట్యమనుకొందుము.

స్తంభములకు కట్టి నేర్పుటయు నట్టిదే. రెండు స్తంభముల నడుమ గుఱ్ఱమును నిలిపి పియాఫె నేర్పుట యూరపులోను కలదు. 17వ శతాబ్దపు ఫ్రెంచి శిక్షకుడు ప్లూవినేలు దానికి ప్రసిద్ధుడు. అదే స్తంభము, ఒకచోట నాలుగడుగులకు చక్కెర, మఱియొకచోట అలసి సొలసి తూలువఱకు దెబ్బలు.

ముండ్లకళ్ళెము చట్టవిరుద్ధమని మనలో ఎందఱకు తెలియును? 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము క్రింద 1965లో భారవాహక పశువులకై చేసిన నియమములు, ముండ్లుగాని బొడిపెలుగాని గల కళ్ళెమును, ముల్లుకఱ్ఱను వాడరాదని స్పష్టముగా నిషేధించినవి. అనగా ఇది దయాదాక్షిణ్యముల సంగతి మాత్రమే కాదు. గుఱ్ఱపువారందఱును క్రూరులనియు నేననను. నున్ననికళ్ళెముతో, కన్నబిడ్డవలె గుఱ్ఱమును సాకువారును కలరు. అట్టివారికే కిరాయి దక్కునట్లు చేయుట మన చేతిలోనున్నది.

పోల్చుట యెట్లన, మొదట తల చూడుడు. నిజముగా ఒడలు కూడదీసికొన్న గుఱ్ఱపు మెడ విల్లువలె వంగును, ముక్కు నేలవైపు నిటారుగా దిగును, వీపు గుండ్రన, నోరు మూసి మెల్లగా నములుచుండును. పెదవులపై కొంచెము తెల్లని నురుగు కూడ మంచి గుఱుతే. బాధచే నాడు గుఱ్ఱము తల ఆకాశమున కెత్తును, వీపు క్రిందికి క్రుంగును, వెనుకకాళ్ళు వెనుకనే యుండిపోవును. ముందుకాళ్ళు మాత్రము త్రవ్వినట్లు కొట్టుకొనును. నోరు తెఱచుకొనును, తోక విసరుచునే యుండును, కంటి తెలుపు కనబడును. నురుగులో ఎఱ్ఱచాయ యున్నచో ఇక చెప్పనక్కఱలేదు. తోలుపట్టీల జిలుగుకుచ్చుల మాటున పెదవిమూలల పుండ్లు దాగియుండవచ్చును గనుక కుచ్చును తొలగించి చూపుమనవలెను.

బేరము కుదుర్చుకొనునాడే, పెండ్లినాడు కాదు, కళ్ళెము తీసి చేతికిచ్చి చూపుమని గుఱ్ఱపువాని నడుగుడు. వ్రేలితో తడిమినచో ముండ్లు దాగవు. 'ఆట వలదు, నడచిన చాలును' అని మొదటనే చెప్పినచో చాలమంది సంతోషముగా నొప్పుకొందురు. ఆడించుట వారికిని శ్రమయే. ఇంకను కొన్ని మాటలు చెప్పుకొనవలసియున్నవి. జీనుతో కలిపి రౌతు బరువు గుఱ్ఱపు బరువులో అయిదవవంతునకు మించరాదని యెఱిగినవారి లెక్క. వరుడు పుష్టిగలవాడై, ఒడిలో తోడుపెండ్లికొడుకును కూడ కూర్చుండబెట్టినచో చిన్నగుఱ్ఱము మోయలేదు. దాని చెవులు మనకు వినబడని సన్నని ధ్వనులను కూడ వినును. కావున డీజే పెట్టెలను దానికి దూరముగ, వీలైనంత వెనుకగ నుంచుడు. టపాకాయలు వలదు. గుఱ్ఱము తన చుట్టు నించుమించు అన్నివైపులు చూడగలదు గాని, సరిగా ముక్కు ముందరను తోక వెనుకను దానికి కనబడదు. చీకటిలో నుండి ఒక్కసారి వెలుతురున పడినచో కన్ను సర్దుకొనుటకు మనకన్న ఎక్కువసేపు పట్టును. జనరేటరు దీపములను ఎదురుగా దాని కన్నులలో వేసి, వెనుకనుండి పిల్లలు తోక లాగుచున్నచో అది తన్నినందుకు దానిని తప్పుపట్టరాదు. తారురోడ్డు వేసవిలో కాలును. కావున సాయంకాలము దిగిన పిమ్మట బయలుదేరుట వరునికిని గుఱ్ఱమునకును సుఖము.

కిరాయి విషయమున నాలుగు రూపాయలు ఎక్కువ యిచ్చి, ఆ రాత్రి మఱియొక పెండ్లికి ఆ గుఱ్ఱమును తోలరాదని మాట తీసికొనుడు. వచ్చినవెంటనే ఒక బక్కెట్టు నీళ్ళు, ఊరేగింపు అయిన పిమ్మట నొడలు చల్లబడినాక మఱియొకటి. పిల్లలు దానికి బెల్లము పెట్టుదుమని ముచ్చటపడుదురు. పెట్టనిండు, గుఱ్ఱపువాని నడిగి, వ్రేళ్ళు కలిపి అరచేయి బల్లపరుపుగా చాచి, దానిపై బెల్లపుముక్క నుంచి మూతివద్దకు తేవలెను. గుఱ్ఱమునకు తన మూతిక్రిందిది కనబడదు, పెదవులతో తడిమి తెలిసికొనవలసినదే. వ్రేళ్ళు ముడిచి పట్టుకొన్నచో ఏది బెల్లమో, ఏది పిల్లవాని వ్రేలో దానికి తెలియదు.